కొసలు లేని గొట్టం

2005 ఫిబ్రవరిలో కోల్‌కతాలోని మా పరిశోధన సంస్థలో నన్ను పరికరాల విభాగం నుంచి గణన విభాగానికి సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. బదిలీ అంటే మూటాముల్లె సర్దుకుని ఊరు మారడం కాదు, రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు ఎక్కడం. అలాంటి సంస్థల్లో రెండు వరసల ఉద్యోగులుంటారు. శాస్త్రవేత్తలది ఒక వరస, సాంకేతిక సిబ్బందిది ఇంకొకటి. వ్యాసం మీద పేరు శాస్త్రవేత్తది, యంత్రం బాధ్యత మాది. యంత్రం నడిచినన్నాళ్ళూ మేము ఎవరికీ గుర్తురాము. ఆగిందంటే మాత్రం డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర దర్వాను దాకా అందరూ మా పేరే తలుచుకుంటారు.

ఆ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నేను వాట్‌గంజ్‌లో డాకు కూలీ, అంటే ఓడరేవు కూలీ కూతుర్ని. మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి ఓడల్లో బస్తాలు మోశాడు. ఓడ పేరు పేపర్లో పడేది, మోసినవాడి పేరు పడేది కాదు. అయినా సరుకు క్షేమంగా దిగిందా లేదా అన్నది మోసినవాడికే తెలుసని ఆయన ధీమా. నేనూ అదే పొగరుతో ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేశాను. దాని వల్ల నాకు నష్టం జరిగిన సందర్భాలు తక్కువ. ఇప్పుడు చెప్పబోయేది వాటిలో ఒకటి.

నాకు అప్పగించిన యంత్రాన్ని క్లస్టర్ అనేవాళ్ళం. పదహారు మామూలు కంప్యూటర్లను ఇనుప బీరువాల్లో పేర్చి, తీగలతో కలిపి, ఒకే లెక్కను అన్నీ పంచుకుని చేసేలా అమర్చిన ఏర్పాటు అది. వాటి వేడికి గది కాగిపోకుండా పక్కనే పెద్ద ఏసీ ప్లాంటు ఉండేది. నా పని మూడు రకాలు. ఎవరి లెక్క ఎప్పుడు ఎక్కాలో నిర్ణయించడం, ఎక్కే ముందు ఆ లెక్క ఫైలును సరిచూడడం, ప్రతి లెక్కనూ జాబ్ రిజిస్టరులో రాయడం. ఎక్కే ముందు ఫైలు సరిచూడడం నిజానికి నా కర్తవ్యాల జాబితాలో లేదు. నాకు నమ్మకం లేక నేనే పెట్టుకున్న పని. నేను చూడకుండా ఎవరి ఫైలూ ఎక్కేది కాదు.

ఆ ఏడాది క్లస్టర్ మీద అందరికన్నా ఎక్కువ కాలం కావలసింది మౌషుమి అనే పరిశోధక విద్యార్థినికి. హౌరా అమ్మాయి. వాళ్ళ నాన్న పనిచేసిన ఫ్యాక్టరీకి తాళం పడి చాలా కాలమైంది. బాంకురా వైపు ఒక కాలేజీలో ఆమెకు లెక్చరరు ఉద్యోగం ఖాయమైంది కానీ, థీసిస్ సమర్పించిన కాగితం చూపిస్తేనే చేరనిస్తామన్నారు. ఆమె ఫెలోషిప్ డిసెంబరు ఆఖరుకు ముగుస్తుంది. ఆ ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కని మా అంతస్తులో అందరికీ తెలుసు.

ఆమె పనిచేసేది పెప్టైడ్ల మీద. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలు అనే ముక్కలు వరసగా కూర్చిన పొడవైన గొలుసులు. అలాంటి గొలుసులో రెండు మూడు ముక్కలు మాత్రమే ఉంటే దాన్ని చిన్న పెప్టైడ్ అనవచ్చు. కొన్ని రకాల పెప్టైడ్లను నీళ్ళలో వేస్తే ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఒకదాని పక్కన ఒకటి చేరి, గొట్టాలుగానో పట్టీలుగానో గోళాలుగానో కట్టుకుంటాయి. వాటిలో నూనెలాగా నీటిని ఇష్టపడని భాగం లోపలికి దాక్కుంటుంది, నీటిని ఇష్టపడే భాగం బయట నిలుస్తుంది. అవి ఎంత చిన్నవంటే వెంట్రుక మందంలో వేలకొద్దీ గొట్టాలు పడతాయి. గొట్టమైతే అందులో మందు నింపి శరీరంలోకి పంపవచ్చని అందరికీ ఆశ. అందుకే ఆ రోజుల్లో ప్రతివాళ్ళకీ గొట్టమే కావాలి, పట్టీ ఎవరికీ అక్కర్లేదు.

మా పని ఆ కట్టుకోవడాన్ని కంప్యూటర్లో నడిపి చూడడం. ప్రతి పెప్టైడునూ కొన్ని గుండ్లుగా భావిస్తాం. ఏ గుండు దేన్ని ఎంత లాగుతుందో, ఎంత నెడుతుందో లెక్కకట్టి, అన్నిటినీ వెంట్రుకవాసి కదిపి, మళ్ళీ లెక్కకడతాం. ఇలా లక్షలసార్లు. అయితే కంప్యూటర్లో సముద్రమంత నీళ్ళు పొయ్యలేం. చిన్న బాక్సులో పోస్తాం. బాక్సుకు గోడలు పెడితే గోడ పక్కన నీళ్ళు వేరుగా ప్రవర్తిస్తాయి కాబట్టి, గోడలే లేకుండా ఒక ఉపాయం చేస్తాం. కుడివైపు నుంచి బయటికి పోయిన గుండు ఎడమవైపు నుంచి లోపలికి వస్తుంది. మంగలిషాపులో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చున్న మనిషికి తన వరస అంతు లేకుండా కనిపించినట్టు, మన బాక్సుకు అన్ని వైపులా అదే బాక్సు ఉన్నట్టు లెక్క. ఇది ఈ వృత్తిలో అందరూ వాడే పద్ధతే, తప్పేమీ లేదు. ఒక్కటే జాగ్రత్త కావాలి. లోపలున్న వస్తువు తన ప్రతిబింబాన్ని తానే తాకేంత చిన్నగా బాక్సు ఉండకూడదు.

ఆ జాగ్రత్త తీసుకునే మొదట్లో పొడవైన బాక్సు పెట్టాం. ఆగస్టు వచ్చేసరికి మా లెక్క బాగా వెనకబడింది. వానలకు రెండుసార్లు కరెంటు పోయి లెక్క మధ్యలో తెగింది. బంద్ రోజుల్లో ఆఫీసుకు ఎవరూ రాలేదు. ఇక ముందు ఏముంది? పూజ.

బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. కోల్‌కతా ఆఫీసుల్లో సంవత్సరం డిసెంబరులో ముగియదు, దుర్గాపూజకు ముగుస్తుంది. ఫైలైనా, టెండరైనా, దంతాల వైద్యమైనా 'పూజ లోపల' అవ్వాలి, లేదా 'పూజ తర్వాత' చూడాలి. మా సంస్థలో దానికి తోడు ఇంకో నియమం ఉండేది. ఎప్పుడో ఒక పూజ సెలవుల్లో ఏసీ ఆగిపోయి, ఎవరూ చూడక, కొన్ని కంప్యూటర్లు కాలిపోయాయి. అప్పటి నుంచి పూజ మొదలయ్యే ముందు పంచమి సాయంత్రం క్లస్టర్ ఆపేసి, పది రోజులకు లక్ష్మీపూజ దాటాక తెరిచేవాళ్ళు. ఆ ఏడాది పూజ అక్టోబరు రెండో వారంలో పడింది. మౌషుమి లెక్క ఆలోపల ముగియకపోతే నవంబరు సెమినారుకు ఆమె చేతిలో ఏమీ ఉండదు. ఆ సెమినారు దాటితేగాని థీసిస్ సమర్పించనివ్వరు.

అప్పుడు నేను బాక్సు పొడవు సగానికి తగ్గించమన్నాను. నేనే. మౌషుమి ఒకసారి సందేహించింది. నేను నియమాల పుస్తకంలో ఉన్న పరీక్ష చేసి చూపించాను. ఒక పెప్టైడ్ తన ప్రతిబింబాన్ని తాకడానికి ఎంత దూరం కావాలో, దానికి ఎన్నో రెట్లు ఉంది మన బాక్సు, పర్వాలేదు అన్నాను. నా మాట మీద ఆమె ఊరుకుంది. లెక్క మళ్ళీ మొదలైంది. సెప్టెంబరు మొదటి వారంలో తెర మీద గొట్టం కట్టింది. నిండైన, గుండ్రటి, కదలని గొట్టం. ఎన్ని లక్షల అడుగులు నడిపినా చెక్కుచెదరలేదు.

ఆ రోజు అంతస్తంతా సందేశ్ మిఠాయి పంచారు. మా విభాగాధిపతిని అందరం స్యార్ అనేవాళ్ళం. ఆయన స్వయంగా నా గదికి వచ్చి అభినందించారు. ఇబ్బంది పడ్డది ఒక్కడే, కింది అంతస్తు రసాయన శాస్త్రవేత్త అనిర్బాన్. అదే పెప్టైడును ఆయన నిజమైన నీళ్ళలో వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తున్నాడు. మే నెల నుంచీ ఆయనకు చదునైన పట్టీలే కనిపిస్తున్నాయి. గొట్టం ఒక్కటీ లేదు. మీ నమూనా ఆరబెట్టడంలో ఏదో లోపముంది, సరిచూసుకోండి అని నేనే సలహా ఇచ్చాను. మంచివాడు, వెళ్ళి నమూనాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తయారుచేయడం మొదలుపెట్టాడు.

మరుసటి ఆదివారం వాట్‌గంజ్‌లో మా అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాను. అక్క ఇలిష్ చేపకు, అంటే మన పులసకు, చింతపండు పులుసు పెట్టేది. పక్కింటి బెంగాలీలు ఆ వాసనకు ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేస్తారు. మా బావ అప్పన్న డాకులో గ్యాంగు సర్దారు. అంటే ఓడ కడుపులో బస్తాలు పేర్పించే జట్టుకు పెద్ద. నన్ను ఆటపట్టించడం ఆయన ఆదివారపు వినోదం. నేను ఏసీ గదిలో కూర్చుని నిద్రపోయి జీతం తీసుకుంటానని ఆయన గట్టి నమ్మకం. ఆ నోరు మూయిద్దామని గొట్టం రంగుల బొమ్మ సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

బావ చెయ్యి తుడుచుకుని బొమ్మ అందుకుని చాలాసేపు చూశాడు.

"ఏటి మరదలా, పైపు బొమ్మ గీడానికి ఇన్ని నెలలు పట్టిందేటి మీకు?"

గీయలేదని, అదే కట్టుకుందని చెప్పాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పాడు.

"బాగుంది గాని, ఇది రెండు పక్కలా గోడకి ఆనుకునున్నాది గదా. గోడ తీసేత్తే నిలబడతాదా?"

"గోడ నేదు బావా. ఆ పక్కన ఇంకో పెట్టె ఉంటాది. అందులో ఉన్నదీ ఈ గొట్టమే."

"ఈ గొట్టమే అంటే? ఇలాటిదా, ఇదేనా?"

"ఇదే."

"అలగైతే దాని మూతి దాని తోకనే పట్టుకున్నాది. ఇంకెక్కడ ఇప్పుకుంటాది?" అని నవ్వాడు. "మా ఓడ హోల్డులో ఈ గోడ కాణ్ణుంచి ఆ గోడకి బస్తాలు బిగించినామంటే సేతకానోడు పేర్సినా నిలబడతాయి. సగం హోల్డు ఖాళీ అయి కొస బయటపడతాది సూడు, అప్పుడు తెలుస్తాది ఎవుడెలా పేర్సినాడో."

నాకు ఒళ్ళు మండింది. నీకేటి తెలుసు, తిను అన్నాను. అక్క నవ్వి ఇంకో చేపముక్క వేసింది. ఆ ముక్క రుచేమిటో నాకు గుర్తులేదు. 'ఇదే' అని నా నోటితో నేనే అన్నాను. ఇన్నాళ్ళూ సాంకేతిక పదాల్లో గొంతు దాటిపోయిన విషయం అన్నం ముందు కూర్చుని మామూలు మాటల్లో చెప్పేసరికి అడ్డం పడింది. నేను పరీక్షించింది ఒక పెప్టైడ్ తన ప్రతిబింబాన్ని తాకుతుందా అని. వందల పెప్టైడ్లు చేరి కట్టిన గొట్టం తాకుతుందా అని పరీక్షించలేదు. లెక్క మొదలుపెట్టేటప్పుడు గొట్టం లేదు మరి. పుట్టాక అడగాలని నాకు తోచలేదు.

సోమవారం పొద్దున్నే పక్క బాక్సులను కూడా కలిపి బొమ్మ తెప్పించాను. దానికి ఒకే ఒక్క ఆదేశం చాలు, అర నిమిషం పని. గొట్టం ఈ బాక్సులోంచి పక్క బాక్సులోకి, అక్కణ్ణుంచి ఆ పక్కదాంట్లోకి ఎక్కడా అతుకు లేకుండా సాగిపోయింది. దానికి కొసలే లేవు. ఇలాంటి కట్టడాలు విప్పుకోవడం మొదలయ్యేది కొసల దగ్గరే. కొస లేనిది ఎలా విప్పుకుంటుంది? మేము సందేశ్ పంచుకున్నది గొట్టం నిలకడకు కాదు, బాక్సు ఇరుకుకు.

నేను సిగ్గుపడ్డాను. ఆ మాట ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు. తప్పు చిన్నదై ఉంటే అంత సిగ్గు వేసేది కాదేమో. ఇంకొకరి థీసిస్‌ను దాని మీద నిలబెట్టాను, ఇంకొకరి సరైన ఫలితాన్ని తప్పని వెనక్కి పంపాను.

ముందు మౌషుమికి చెప్పాను. బొమ్మ చూడగానే ఆమెకు అర్థమైంది. తెలివైన పిల్ల. బాక్సు తగ్గించమన్నది మీరే కదా లక్ష్మీదీ అంది. అవునన్నాను. నేను అడిగినప్పుడు పర్వాలేదన్నారు కదా అంది. దానికీ అవునన్నాను. వెళ్ళిపోయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే వారం మాట్లాడేదాన్ని కాదు.

స్యార్ చెడ్డ మనిషి కాదు. ఆయన ఒక దారి చెప్పారు. సెమినారు ఈ ఫలితంతోనే జరగనివ్వండి, పెద్ద బాక్సులో లెక్క తర్వాత చేద్దాం, పరీక్షకులు అడిగితే అప్పుడు చూద్దాం అన్నారు. మౌషుమి ఉద్యోగం గుర్తుచేశారు. నాకూ ఒక క్షణం మనసు ఆ వైపు లాగింది. కానీ కింది అంతస్తులో అనిర్బాన్ నా సలహా పట్టుకుని మంచి నమూనాలను పారబోస్తున్నాడు. ఆయనకు ఇవాళే చెప్పాలి, ఆయనకు చెప్పాక ఇది రహస్యం కాదు అన్నాను. స్యార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మరి డిసెంబరు లోపల ఎలా అన్నారు.

అది సరైన ప్రశ్న. నాకు జవాబు ఉంది. పొడవైన బాక్సుకు లెక్క రెట్టింపు. అందరితో పంచుకుంటూ క్లస్టర్ మీద నడిపితే నవంబరు సెమినారు దాటిపోతుంది. కానీ ఏడాదిలో పది రోజులు క్లస్టర్ మీద ఎవరి లెక్కా ఉండదు, పదహారు కంప్యూటర్లూ ఖాళీ. ఆ పది రోజులే మనం దాన్ని ఆపేస్తాం. పూజ సెలవుల్లో నడిపించండి, నేను ఉంటానన్నాను. రిజిస్ట్రారు ఒప్పుకుంటారు గానీ తపన్ ఒప్పుకోడు అన్నారు స్యార్.

తపన్‌దా అంటే తపన్ అన్న, ఏసీ ప్లాంటు ఆపరేటరు, మా సంస్థలో ఉద్యోగుల యూనియను కార్యదర్శి కూడా. ఆ రోజుల్లో ఆయన ఒప్పుకోకపోతే డైరెక్టరు సంతకానికి కూడా కదలిక ఉండేది కాదు. ఇప్పుడు దీన్ని ఎగతాళిగా చెప్పుకుంటారు. నేను చెప్పను. డాకులో యంత్రాలు వచ్చి జట్లు సన్నబడడం చూస్తూ పెరిగినదాన్ని. ఎవరి పని ఎవరు ముట్టుకోవచ్చన్నది కూలీల ఇంట్లో అన్నం సంగతి.

ప్లాంటు గదిలో ఆయనను కలిసి, ఆన్ ఆఫ్ చెయ్యడం నేర్పండి, మీవాళ్ళ సెలవు చెడకుండా నేనే చూసుకుంటానన్నాను. అది నేను చేసిన రెండో తప్పు. తపన్‌దా టీ గ్లాసు కింద పెట్టాడు.

"దీది, ఇవాళ మీరు ముట్టుకుంటే రేపు మా పోస్టే ఎందుకంటారు." ఆయన బెంగాలీలో చెప్పింది దాదాపు ఇంతే. తర్వాత ఆయనే, పూజ రోజుల్లో మావాళ్ళను అంత అవసరంగా ఎందుకు పిలవాలో రాతపూర్వకంగా ఇవ్వండి, అడిగి చూస్తానన్నాడు.

స్యార్ ఉత్తరం రాయించారు: 'అనివార్యమైన సాంకేతిక కారణాల వల్ల'. తపన్‌దా చదివి మడిచి తిరిగి ఇచ్చేశాడు. ఇరవై ఏళ్ళుగా సెలవు రోజున మమ్మల్ని పిలిచిన ప్రతిసారీ ఇదే వాక్యం వచ్చింది, ఒక్కసారీ కారణమేమిటో మాకు తెలియలేదు అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. నేను అక్కడే నిలబడి ఇంకో కాగితం మీద రాశాను. పూజ లోపల లెక్క ముగించాలని బాక్సు పొడవు తగ్గించమని నేను చెప్పాను. దాని వల్ల ఫలితం తప్పుగా వచ్చింది. ఒక విద్యార్థిని థీసిస్ ఆగిపోయే పరిస్థితి. సరిదిద్దడానికి ఈ పది రోజులు తప్ప వ్యవధి లేదు. తప్పు నాది. కింద సంతకం, హోదా, తేదీ.

తపన్‌దా రెండుసార్లు చదివాడు. ఈ సంస్థలో ఆఫీసరు తన తప్పును సంతకం పెట్టి ఇవ్వడం ఇదే మొదటిసారి, దీన్ని ఫైలులో దాచుకుంటానన్నాడు. బెదిరిస్తున్నాడో మెచ్చుకుంటున్నాడో ఆ క్షణంలో తెలియలేదు. మరునాడు పొద్దున నోటీసు బోర్డు మీద డ్యూటీ పట్టిక కనిపించింది. ప్లాంటు మనుషులు ఆరుగురు, ఎవరి పాడా (పేట) పూజకు వాళ్ళు అందేలా వంతులు పంచుకున్నారు. అష్టమి పొద్దున వంతు తపన్‌దా తనకే వేసుకున్నాడు. ఆయన మండపంలో అష్టమి పుష్పాంజలి మానుకుని వచ్చాడని తర్వాత ఆయన భార్య చెబితే తెలిసింది.

అనిర్బాన్ దగ్గరికి నేనే వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఆయన డ్రాయరు లాగి, నా సలహా రాకముందు తీసిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచాడు. పారేయలేదు, ఎందుకో చేతులు రాలేదన్నాడు. అన్నీ పట్టీలే. కొన్నిటి అంచులు మాత్రం కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి.

మూడో రోజున మౌషుమి మాట్లాడింది. మాట్లాడడమంటే, పెద్ద బాక్సు ఫైలు తయారుచేసి తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఈసారి నేనూ సరిచూస్తాను అంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ప్రతి పంక్తీ పైకి చదివాం. పాత గొట్టాన్ని ఒకచోట తెంచి, రెండు కొసలకీ అవతల ఖాళీ నీళ్ళు ఉండేలా కొత్త పొడవైన బాక్సులో పెట్టాం. పంచమి సాయంత్రం, మిగతా అందరూ కొత్త బట్టల సంచులతో ఇళ్ళకు పోతుంటే, లెక్క మొదలైంది.

సప్తమి దాకా గొట్టం అలాగే ఉంది. నిజం చెబుతున్నాను, అది నిలబడిపోతుందేమోనని నాలో ఏ మూలో ఆశ కదిలింది. నిలబడితే నా తప్పు తప్పు కాకుండా పోతుంది కదా. అష్టమి పొద్దున పదకొండు గంటలకు, పక్క వీధి మండపంలో ఢాక్ డప్పులు మోగుతుండగా, ఎడమ కొస దగ్గర చిన్న చీలిక కనిపించింది. నవమి మధ్యాహ్నానికి చీలిక గొట్టం మధ్య దాకా పాకింది. దశమి నాటికి గొట్టం లేదు. దాని చోట చదునైన పట్టీ, అంచులు కొద్దిగా వంపు తిరిగి నీళ్ళలో తేలుతోంది.

తపన్‌దా ఆ పూటా డ్యూటీకి వచ్చి నా వెనక నిలబడి చూస్తున్నాడు. విరిగిపోయిందా, పని పాడైందా అని కంగారుగా అడిగాడు. లేదు, ఇప్పుడే పని అయింది అన్నాను. మౌషుమి అనిర్బాన్ ఇచ్చిన ఫొటో ఒకటి తెచ్చి తెర పక్కన పెట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను ఏసీ చలి ఎక్కువగా ఉందని తపన్‌దాను తిట్టాను.

ఒక్క లెక్కతో దేన్నీ రుజువు చేయకూడదు. మిగిలిన రోజుల్లో వేరే ఆరంభంతో ఇంకోసారి నడిపాం. అదీ పట్టీగానే తేలింది. గొట్టం దొరకలేదు కాబట్టి ఎవరూ సందేశ్ తేలేదు. నవంబరు సెమినారులో మౌషుమి రెండు బాక్సుల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూపించింది. గొట్టం గురించిన అధ్యాయం కాస్తా, ఇరుకు బాక్సు గొట్టాన్ని ఎలా పుట్టిస్తుందన్న అధ్యాయమైంది. ఇదంతా డిసెంబరులో ముగిసిందని చెప్పగలిగితే బాగుండేది. ముగియలేదు. థీసిస్ జనవరి రెండో వారంలో వెళ్ళింది. స్యార్ కాలేజీకి స్వయంగా ఫోన్ చేసి గడువు అడిగారు, వాళ్ళు ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ ఆమె ఇంట్లో ఎలా గడిచిందో నాకు తెలుసు. అది నా లెక్కలోనే పడుతుంది.

మౌఖిక పరీక్షకు నేను వెనక వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఈ తప్పును ఎవరు కనిపెట్టారని అడిగాడు. చేసినవాళ్ళే అని మౌషుమి జవాబు చెప్పింది. ఆయన తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. నా ఉద్యోగకాలంలో నాకు వచ్చిన సర్టిఫికెట్లలో దాన్నే ముందు లెక్కేసుకుంటాను. బావ వాటా ఆయనకు వేరే చెల్లించాను. ఆదివారం ఆయన ముందు ఒప్పుకున్నాను, ఆయన "సెప్పినానా" అంటూ ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు నన్ను వదల్లేదు.

ఈ అనుభవంతో నేర్చుకున్నది ఇది. కంప్యూటరు తప్పు చెయ్యలేదు, దానికి ఇచ్చిన సూత్రాలూ తప్పు కాదు. సెలవుల కేలండరు మా లెక్కలోకి దూరి, ఒక అంకె వేషం వేసుకుని కూర్చుంది. అంకెను అంకెగానే చూసినంతకాలం అది పట్టుబడదు, ఎందుకు పెట్టామని అడిగితేనే పట్టుబడుతుంది. అందుకని నవంబరులో స్కేలు తీసుకుని జాబ్ రిజిస్టరులో ఒక కొత్త గడి గీశాను: 'ఈ కొలత ఎందుకు?' అది నింపందే లెక్క ఎక్కనిచ్చేదాన్ని కాదు. చాలామంది విసుక్కున్నారు. కొందరు నిజాయితీగా 'పూజ లోపల అవ్వాలి' అని రాశారు. వాళ్ళ ఫైళ్ళు తిరిగి ఇచ్చేశాను.

2010లో నేను రిటైరయ్యే నాటికి రిజిస్టర్లు అయిదు పుస్తకాలయ్యాయి. నా తర్వాత వచ్చిన ఆఫీసరుకు అప్పగించేటప్పుడు, ఈ గడి ఎందుకని ఆయన అడిగాడు. మొదటి పుస్తకం తెరిచి ఆగస్టు పేజీ చూపించాను. గడి గీశాక వెనక్కి వెళ్ళి నింపిన మొదటి వరస అది: 'కారణం: పూజ సెలవులు. నిర్ణయం: నాది.'